పెంపుడు పిల్లి సమతులాహారం: తెలుగు సామెతలు, పోషణశాస్త్రం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగువారి వాడుకలో పిల్లికీ పాలకూ విడదీయరాని సంబంధం ఉంది. పెంపుడు పిల్లికి పాలు, పెరుగన్నం పెట్టడం నేటికీ అనేక కుటుంబాల్లో కొనసాగుతున్న అలవాటు. పల్లె ఇంట్లో ఈ అలవాటు పిల్లికి పెద్ద హాని చేయలేదు. అక్కడ దాని అసలు ఆహారం పళ్లెంలో కాక గాదె కింద, పొలంగట్టున దొరికేది. పట్టణపు అపార్టుమెంటులో ఆ వేట లేదు, పెరుగన్నం మాత్రం మిగిలింది. ఈ మార్పు పిల్లి చూపునూ గుండెనూ ఎలా దెబ్బతీయగలదో, సమతులాహారాన్ని ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పెంపుడు పిల్లి, సమతులాహారం, టారిన్, పెరుగన్నం, సామెతలు, బిడాలవ్రతం, కృష్ణా మెట్ట ప్రాంతం.

1. ఉపోద్ఘాతం:

పూర్వపు కృష్ణా జిల్లాలో జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల పరిసరాలను మెట్ట ప్రాంతంగా వ్యవహరిస్తారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఇవి చేరాయి. కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు ఈ ప్రాంతపు గ్రామాల్లో ఒకటి. ఇటువంటి వ్యవసాయ గ్రామాల్లో ధాన్యం నిల్వ ఉన్న ప్రతి ఇంటికీ ఎలుకల బెడద ఉంటుంది. ఎలుక ఉన్నచోట పిల్లికి స్థానం దొరుకుతుంది. ఆ పిల్లిని ఎవరూ కొనరు, కట్టివేయరు. పూటకింత పాలన్నమో పెరుగన్నమో పెడితే అది ఇంటిని అంటిపెట్టుకొని ఉంటుంది.

ఈ కుటుంబాల తరువాతి తరం చదువుల కోసం, ఉద్యోగాల కోసం విజయవాడకూ హైదరాబాదుకూ చేరింది. అక్కడ పిల్లి నాలుగు గోడల మధ్య పెరిగే జీవి. దానికి పెట్టే తిండి మాత్రం చాలాచోట్ల పల్లె నుంచి వెంట వచ్చినదే. ఈ కొత్త జీవితానికి ఆ పాత తిండి సరిపోతుందా అన్నది ప్రధాన ప్రశ్న. సమాధానం కోసం ముందుగా పిల్లి ఆహారాన్ని గురించి తెలుగు సమాజం ఏమనుకున్నదో, ఆ తరువాత శాస్త్రం ఏమి నిరూపించిందో పరిశీలించాలి.

2. సామెతల్లో పిల్లి - రెండు చిత్రాలు:

తెలుగు సామెతల్లో పిల్లి రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది పాలపిల్లి. ‘పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్లు’, ‘పాలకు పిల్లిని కాపలా పెట్టినట్లు’, ‘పిల్లి శాపాలకు ఉట్లు తెగవు’ అనే వాడుకలు ఇందుకు ఉదాహరణలు. ఉట్టి మీద పాలు, పెరుగు, వెన్న ఉంటాయి. పిల్లి దృష్టి వాటి మీద ఉంటుంది. తెనాలి రామకృష్ణుని పేర ప్రచారంలో ఉన్న పిల్లి కథకూ ఇదే ఆధారం. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాల కోసం ఒక ఆవునూ ఇప్పిస్తారు. రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చి, ఆ తరువాత పాలన్నీ తానే తాగుతాడు. పాలను చూసి పారిపోయే పిల్లి వింతగా తోచినప్పుడే ఈ కథలో హాస్యం పండుతుంది.

రెండవది వేటపిల్లి. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’, ‘పిల్లికి ఎలుక సాక్షి’ అనేవి ఈ కోవకు చెందుతాయి. సంస్కృత సాహిత్యం ఈ చిత్రాన్ని మరింత సూటిగా గీసింది. మహాభారతం ఉద్యోగపర్వంలో గంగాతీరాన తపస్సు నటించి ఎలుకలను తిన్న పిల్లి కథ ఉంది. హితోపదేశంలోని దీర్ఘకర్ణమనే మార్జాలం మాంసం మానివేసి వ్రతం పట్టానని గద్దను నమ్మించి, పక్షిపిల్లలను తింటుంది. కపట ధార్మికుణ్ణి మనుస్మృతి బిడాలవ్రతం పట్టినవానిగా పేర్కొంది. మహాబలిపురంలో ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పఫలకం మీద సైతం తపస్సు చేసే పిల్లి, దాని చుట్టూ ఎలుకలు కనిపిస్తాయి. పిల్లి శాకాహార వ్రతం కపటమే అవుతుందన్నది ఈ కథలన్నిటికీ మూలమైన లోకానుభవం.

ఈ రెండు చిత్రాలకు వైరుధ్యం లేదు. పాలు పిల్లి ఆశపడే వస్తువు, ఎలుక దాని ఆహారం. పరమ లోభిని గురించి ‘పిల్లికి కూడా బిచ్చం పెట్టడు’ అంటారు. ఇక్కడ పిల్లికి పెట్టేదాన్ని భోజనం అనకుండా బిచ్చం అనడం గమనార్హం. ఇంటివారు పెట్టేది పిడికెడు మెతుకులు మాత్రమేనన్న గుర్తింపు ఆ మాటలోనే ఉంది.

3. పల్లె ఇంటి పిల్లి తిన్నదేమిటి?

వడ్ల గాదె, పురి, అటక, గడ్డివాము - ఇవి పల్లె పిల్లికి వేటస్థలాలు. ఎలుకలు, చిట్టెలుకలు, బల్లులు, తొండలు, పిట్టలు, మిడతలు దాని ఆహారం. ఒక చిట్టెలుక నుంచి పిల్లికి లభించే శక్తి సుమారు 30 కిలోకేలరీలని పోషణ శాస్త్రజ్ఞుల అంచనా. ఆ లెక్కన రోజుకు ఆరేడు చిట్టెలుకలు దొరికితే నాలుగు కిలోల పిల్లికి కడుపు నిండుతుంది. చిట్టెలుకను పిల్లి మొత్తంగా తింటుంది. కండ నుంచి మాంసకృత్తులు, ఎముక నుంచి కాల్షియం, కాలేయం నుంచి ఎ విటమిన్, గుండె నుంచి టారిన్, శరీరద్రవాల నుంచి నీరు ఒకేసారి అందుతాయి.

మనుషుల పెంపకానికి దూరంగా బతికే పిల్లుల ఆహారాన్ని విశ్లేషించి 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అంచనా ప్రకటించారు. దాని ప్రకారం ఆ పిల్లులు పొందే శక్తిలో సుమారు 52 శాతం మాంసకృత్తుల నుంచి, 46 శాతం కొవ్వు నుంచి, 2 శాతం మాత్రమే పిండిపదార్థాల నుంచి వస్తుంది. పల్లె ఇంటి పెరుగన్నం ఈ వేటకు తోడు మాత్రమే. అందులోని లోపాలను వేట పూరించింది. పెరుగన్నం తిని పిల్లులు తరతరాలుగా బతికాయన్న నమ్మకం ఈ పూరణను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల ఏర్పడింది.

పల్లెల్లోనూ వేట ఇప్పుడు నిరపాయం కాదు. పొలాల్లో ఎలుకల నివారణకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ వంటి మందులు వాడుతున్నారు. బ్రోమాడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే విషం. ఇది ఎలుక కాలేయంలో నిలిచి ఉండి, ఆ ఎలుకను తిన్న పిల్లికీ సంక్రమిస్తుంది. కాబట్టి వేట మీద భారం వేసి పళ్లేన్ని నిర్లక్ష్యం చేయడం పల్లెలో కూడా సమంజసం కాదు.

4. పిల్లి శరీరధర్మం:

కుక్క మాంసంతోపాటు అన్నం, రొట్టె జీర్ణించుకొని బతకగలదు. పిల్లి అనివార్య మాంసాహారి. మాంసం లేకుండా సహజాహారంతో దాని శరీరావసరాలు తీరవు. ఇందుకు కారణాలు స్పష్టంగా తెలుస్తున్నాయి.

అ) మాంసకృత్తులు: చాలా జంతువుల్లో ఆహారంలో మాంసకృత్తులు తగ్గితే కాలేయం వాటి విచ్ఛిన్నాన్ని తగ్గించి పొదుపు చేస్తుంది. పిల్లి కాలేయానికి ఈ పొదుపు శక్తి చాలా తక్కువ. తిండిలో మాంసకృత్తులు లేకున్నా విచ్ఛిన్నం సాగుతూనే ఉంటుంది. ఫలితంగా సొంత కండ కరుగుతుంది.

ఆ) ఎ విటమిన్: క్యారెట్, ఆకుకూరల్లోని కెరోటిన్‌ను మనిషి శరీరం ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. పిల్లికి ఆ సామర్థ్యం లేదు. దానికి సిద్ధంగా ఉన్న ఎ విటమిన్ కావాలి. అది జంతు పదార్థాల్లోనే సహజంగా ఉంటుంది.

ఇ) ఇతర పోషకాలు: నియాసిన్, అరాకిడోనిక్ ఆమ్లం, డి విటమిన్ - వీటినీ పిల్లి తగినంతగా తయారుచేసుకోలేదు. ఎండలో పడుకున్నంత మాత్రాన దానికి డి విటమిన్ సమకూరదు.

ఈ) రుచి: తీపిని గుర్తించే గ్రాహకానికి అవసరమైన జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో అమెరికాలోని మోనెల్ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కాబట్టి పిల్లి పాలను ఇష్టపడటానికి వాటి తీపి కారణం కాదు.

పాల విషయంలో మరొక చిక్కు ఉంది. పాలలోని లాక్టోజ్‌ను జీర్ణం చేసే ఎంజైము పిల్లికూనల్లో పుష్కలంగా ఉండి, పాలు మాన్పిన తరువాత క్రమంగా తగ్గుతుంది. అందువల్ల అనేక పెద్ద పిల్లులకు పాలు తాగితే విరేచనాలవుతాయి. పెరుగుగా తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది. అందుకే పాలు పడని పిల్లి పెరుగును తట్టుకోవచ్చు. తట్టుకోవడాన్ని పోషణగా భావించడం పొరపాటు.

5. టారిన్ చెప్పిన పాఠం:

ఎద్దు పిత్తరసం నుంచి 1827లో వేరుచేసిన అమైనో ఆమ్లం టారిన్. మనిషి శరీరం దీన్ని తయారుచేసుకోగలదు. పిల్లి శరీరంలో ఆ తయారీ చాలా స్వల్పం. పైగా పిత్తరసం ద్వారా నిత్యం దాన్ని కోల్పోతుంది.

1975లో కె.సి. హేస్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. కేసీన్ ప్రధాన మాంసకృత్తిగా ఉన్న ఆహారం తిన్న పిల్లుల్లో నేత్రపటలం క్షీణించింది. దీనికి టారిన్ లోపం కారణమని తేలింది. కేసీన్ పాలలోని మాంసకృత్తి. పిల్లికి పాలే ఆహారమన్న లోకోక్తిని ప్రశ్నించడానికి ఇంతకంటె బలమైన ఆధారం అక్కరలేదు.

1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన పాల్ పియన్, ఆయన సహచరులు మరొక సంగతి వెల్లడించారు. పిల్లుల్లో గుండె కండరం సాగి బలహీనపడే వ్యాధికి టారిన్ లోపం కారణమని, టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందని నిరూపించారు. ఆ పిల్లుల్లో అనేకం కంపెనీలు తయారుచేసిన ఆహారం తిన్నవే. ఆనాటి ప్రమాణాల ప్రకారం ఆ ఆహారంలో తగినంత టారిన్ ఉంది. తయారీ విధానాన్ని బట్టి శరీరానికి అందే టారిన్ మారుతుందని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఉత్పత్తిదారులు టారిన్ మోతాదు పెంచారు. ఈ రకం గుండెజబ్బు పిల్లుల్లో బాగా తగ్గింది.

ఇక్కడ ఇంటివారు గుర్తించవలసిన విషయం ఒకటుంది. టారిన్ లోపం ఒక్క రోజులో బయటపడదు. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. ఆకలితో ఉన్న పిల్లి అరుస్తుంది. టారిన్ లేని పిల్లి కడుపునిండా తిని, అరవకుండా, నెమ్మదిగా చూపు కోల్పోతుంది. గుండె కోలుకునే అవకాశం ఉంది కాని, క్షీణించిన నేత్రపటలం తిరిగి రాదు.

6. పెరుగన్నం లెక్క:

వంద గ్రాముల అన్నం, వంద గ్రాముల పెరుగు కలిపితే సుమారు 190 కిలోకేలరీలు, 6 గ్రాములకు కొద్దిగా పైబడి మాంసకృత్తులు లభిస్తాయి. శక్తిలో మాంసకృత్తుల వాటా సుమారు 13 శాతం, కొవ్వు 17 శాతం, పిండిపదార్థాలు 70 శాతం. వేటాడే పిల్లి ఆహారంలో ఇవి వరుసగా 52, 46, 2 శాతమని పైన చూశాం.

అమెరికాలో పశ్వాహార ప్రమాణాలను రూపొందించే ఆఫ్కో సంస్థ పెద్ద పిల్లికి ప్రతి 1000 కిలోకేలరీలకు కనీసం 65 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని నిర్దేశించింది. పెరుగన్నంలో అవి దాదాపు 33 గ్రాములు, అంటే కనీస ప్రమాణంలో సగం. టారిన్ బియ్యంలో లేదు, పాలలో అత్యల్పం. పళ్లెం ఖాళీ అయినా శరీరం పస్తులున్నట్లే లెక్క.

7. ఆహార ఎంపిక - మార్గాలు:

7.1 తయారీ ఆహారం:

అంగడిలో దొరికే పొడి, తడి ఆహారాల్లో మొదట చూడవలసింది ధర కాదు, పెట్టె మీది ప్రకటన. పిల్లుల కోసమేనని, ఏ వయసుకో పేర్కొంటూ ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని రాసి ఉండాలి. ‘కాంప్లిమెంటరీ’, ‘ట్రీట్’ అని ఉన్నవి చిరుతిండ్లు మాత్రమే. కుక్కల ఆహారం పిల్లికి పనికిరాదు. కుక్క టారిన్ తయారుచేసుకోగలదు కనుక దాని ఆహారంలో టారిన్ ఉండాలన్న నియమం లేదు.

రెండవది మాంసకృత్తుల శాతం. తేమ తీసివేసి లెక్కించినప్పుడు పెద్ద పిల్లికి కనీసం 26 శాతం, కూనలకు, చూడి పిల్లులకు 30 శాతం ఉండాలన్నది ఆఫ్కో ప్రమాణం. పెట్టె మీద ముద్రించిన అంకెలో తేమ కలిసి ఉంటుంది. అందువల్ల పొడి, తడి ఆహారాలను నేరుగా పోల్చరాదు. ఉదాహరణకు పొడి ఆహారంలో మాంసకృత్తులు 30, తేమ 10 శాతం అనుకుంటే, 30ని 90తో భాగించి నూటితో హెచ్చవేయాలి. ఫలితం 33 శాతం. తడి ఆహారంలో మాంసకృత్తులు 9, తేమ 80 శాతం ఉంటే, 9ని 20తో భాగించి హెచ్చవేస్తే 45 శాతం వస్తుంది. చూపుకు తక్కువగా తోచిన తడి ఆహారమే ఇక్కడ మెరుగు. టారిన్ కనీసం పొడి ఆహారంలో 0.1, డబ్బాలో నిల్వచేసే తడి ఆహారంలో 0.2 శాతం ఉండాలి. ఇదీ తేమ తీసివేసిన లెక్కే.

7.2 ఇంటి వంట:

కోడిమాంసం ఉడికించి పెట్టడం పెరుగన్నం కంటె ఎంతో మేలు. అయినా మాంసం ఒక్కటే సమతులాహారం కాదు. ఎముక లేని కోడిమాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. కొంతకాలం అదే పెడితే శరీరం ఎముకల నుంచి కాల్షియం లాగుతుంది. పెరిగే కూనల్లో ఎముకలు వంగి విరుగుతాయి. ఉడికించిన ఎముకలు పెడితే అవి పదునుగా చీలి పేగుకు గుచ్చుకుంటాయి. కార్జం కొద్దిగా మంచిదే. నిత్యం ఎక్కువగా పెడితే ఎ విటమిన్ మితిమీరి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. ఉడికించేటప్పుడు టారిన్ నీటిలోకి దిగుతుంది కనుక ఆ నీటిని పారబోయకుండా మాంసంతో కలిపి పెట్టాలి. ఇంటి వంటనే పూర్తి ఆహారంగా ఎంచుకునేవారు పశువైద్యుని సలహాతో కాల్షియం, టారిన్, విటమిన్లు కొలతగా చేర్చడం తప్పనిసరి. ఈ ప్రాంతంవారికి గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల దగ్గరి నిపుణ కేంద్రం.

చేపలు శుభ్రం చేసేటప్పుడు తల, పేగులు పిల్లికి వేయడం సర్వసాధారణం. కార్పు కుటుంబానికి చెందిన కొన్ని మంచినీటి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. పచ్చివి నిత్యం తింటే అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. పిల్లి తూలుతుంది, మెడ వంచుతుంది, మూర్ఛ వస్తుంది. ఉడికిస్తే ఈ ఎంజైము నశిస్తుంది. మిగిలిన కూరలు, పులుసులు పెట్టరాదు. వాటిలోని ఉల్లి, వెల్లుల్లి ఉడికించినా, పొడి రూపంలో ఉన్నా పిల్లి ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి.

7.3 శాకాహార గృహాలు:

మాంసం వండని ఇంట్లో పిల్లిని పెంచడం ధర్మసందేహానికి దారితీస్తుంది. ఇంటి ఆచారాన్ని పిల్లికీ వర్తింపజేయాలనుకోవడం సహజమే. నేడు టారిన్‌ను రసాయనికంగా తయారుచేస్తున్నారు కనుక మాంసరహితమైన పిల్లి ఆహారం సిద్ధాంతరీత్యా సాధ్యమే. అయితే ఎ విటమిన్, అరాకిడోనిక్ ఆమ్లం వంటివన్నీ కొలత తప్పకుండా చేర్చాలి. ఇది వంటింట్లో జరిగే పని కాదు. పెరుగన్నంతో అసలే కాదు. అటువంటి గృహాలకు ఆచరణసాధ్యమైన మార్గం తయారైన పొడి ఆహారం. దాన్ని వండనక్కరలేదు, వంటపాత్రల్లో కలపనక్కరలేదు. విడిగా ఒక పళ్లెం, ఒక మూల కేటాయిస్తే ఇంటి నియమం నిలుస్తుంది, పిల్లి చూపూ నిలుస్తుంది. అదీ సమ్మతం కాకపోతే పిల్లిని పెంచకపోవడమే దయ. పెంచదలచినవారు ఈ ప్రశ్నను పిల్లిని తెచ్చుకోకముందే తేల్చుకోవాలి.

8. పరిమాణం, నీరు, మార్పు:

ఇంటిపట్టున ఉండే నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు సుమారు 200 కిలోకేలరీలు చాలు. పొడి ఆహారమైతే ఇది 50 నుంచి 60 గ్రాములు. దీన్ని రెండు మూడు పూటలుగా పెట్టాలి. పక్కటెముకలు కంటికి కనిపించకుండా చేతికి తగలాలి. చేతికి తగలకపోతే ఒళ్లు చేసినట్లు.

పెంపుడు పిల్లి పూర్వీకం పశ్చిమాసియా, ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి. ఎడారి అంచుల్లో బతికిన ఆ జాతికి దాహం తక్కువ. నీటిని ఎర నుంచే పొందేది. చిట్టెలుకలో మూడింట రెండు వంతులు నీరు ఉంటే పొడి ఆహారంలో పదో వంతే ఉంటుంది. మెట్ట ప్రాంతపు వేసవిలో ఈ తేడా మూత్రవ్యాధులకు దారితీయవచ్చు. కాబట్టి నీటిగిన్నెలు ఒకటికి రెండు పెట్టాలి. రోజులో ఒక పూటైనా తడి ఆహారం కలపాలి.

పెరుగన్నానికి అలవాటు పడిన పిల్లి కొత్త ఆహారాన్ని వెంటనే ముట్టకపోవచ్చు. పాతదానిలో కొత్తదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఆకలైతే అదే తింటుందని మాడ్చరాదు. పిల్లి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నది, కొన్ని రోజులు వరుసగా తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం ఏర్పడుతుంది. తల్లి లేని కూనలకు ఆవు, గేదె పాలు చాలవు. తల్లిపిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలకంటె రెట్టింపు ఉంటాయి. కూనల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన పాలపొడి వాడాలి.

9. ముగింపు:

పిల్లి పాలను కోరుకుంటుందన్న సామెత అబద్ధం కాదు. పిల్లి మాంసం మానదన్న పురాణకథ కూడా అబద్ధం కాదు. పల్లె ఇల్లు ఈ రెండింటికీ చోటిచ్చింది. ఉట్టి కింద పెరుగన్నం పెట్టి, గాదె కింద వేటను వదిలింది. పట్టణ గృహం వేటను తలుపు బయట ఉంచి, పెరుగన్నాన్ని లోపలికి తెచ్చుకుంది. తలుపు మూసినవారే ఆ వేట ఇచ్చిన కండను, ఎముకను, కార్జాన్ని, నీటిని పళ్లెంలో సమకూర్చాలి. పెరుగన్నం ఇష్టమైన పిల్లికి అప్పుడప్పుడు ఒక చెంచాడు పెట్టవచ్చు. అది బిచ్చంగానే ఉండాలి, భోజనం కారాదు.